నారికురుపూ, నా హస్తవాసీ

ఆ రోజు పొద్దున మా ఊరి పట్వారీ గారికి గడ్డం గీస్తున్నాను. పుష్యమాసం, చలి ఇంకా తగ్గలేదు. ఒక చెంప అయిపోయి రెండో చెంపకు సబ్బు రాస్తుండగా ఒళ్లంతా దురద మొదలైంది. కడుపులో తిప్పింది. గొంతుక్కూర్చుని మడిచిన ఎడమ కాలు, మోకాలికి నాలుగు వేళ్ల కింద, నిప్పు ఆనించినట్టు మండింది. కత్తి పక్కన పెట్టి కాసేపు ఆగాను.

"ఏంది రాజయ్యా, చెయ్యి ఆగింది?" అన్నారు పట్వారీ.

"ఏం లేదు దొరా, కాలు తిమ్మిరెక్కింది" అన్నాను.

అది తిమ్మిరి కాదని నాకు అప్పుడే తెలుసు. నా దగ్గరికి వచ్చినవాళ్ల నోట ఇరవై ఏళ్లుగా ఇదే వరుస విన్నాను. ముందు దురద, తర్వాత వాంతి వచ్చేలా ఉండటం, తర్వాత మంట, రెండు మూడు రోజులకు బొబ్బ. బొబ్బ చితికితే అందులోంచి తెల్లటి దారం కొసలాంటి పురుగు తల కనిపిస్తుంది. అదే నారికురుపు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. పోయిన నెల ఈ పత్రికలో మా ఊరి బడిపంతులు గారు నా గురించి నాలుగు మంచి మాటలు రాశారు. ఒక మంగలి దవాఖానలో తెలుసుకున్న సంగతిని ఊరికి రాగానే అందరికీ చెప్పి, బావిని బాగుచేయించి, నారికురుపును తరిమేశాడని రాశారు. ఆయన మంచివారు. మా ఊరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఊళ్లో విన్నదాంట్లో మంచిని మాత్రమే ఏరుకున్నారు. కానీ "ఊరికి రాగానే" అన్న మాట నిజం కాదు. రాగానే నేను చెప్పలేదు. ఏడాది దాకా చెప్పలేదు. ఆ తప్పును దిద్దడానికే ఇది రాస్తున్నాను.

మాది మియాపూరుకూ మదీనాగూడకూ నడుమ, బొంబాయి సడక్ నుంచి అర మైలు లోపలికి ఉన్న చిన్న పల్లె. మా నాన్న ఊరికి క్షవరం చేసేవాడు, పుళ్లు కోసేవాడు, నారిపురుగు తీసేవాడు. ఆ పని నాకు నేర్పాడు. చిన్న వయసులో నాలుగేళ్లు పట్నంలో ఒక షేవింగ్ షాపులో పనిచేశాను. ఆ షాపు యజమాని తెలుగు పేపరు తెప్పించేవాడు. గిరాకీ లేనప్పుడు ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను. తిరిగి ఊరికి వచ్చేసరికి చేతిలో పని ఉంది, కంటికి చదువు ఉంది. మా కులంలో ఆ చుట్టుపక్కల రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా అదృష్టానికి నేనే మురిసిపోయేవాణ్ణి.

నారిపురుగును లాగకూడదు. లాగితే తెగుతుంది. తెగితే లోపల చీము పడుతుంది. దాని తలను చీపురు పుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్ల మేర మెల్లగా తిప్పుతూ పోవాలి. రెండు మూరల పురుగు పూర్తిగా రావడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఎంతవరకు తిప్పాలో, ఎక్కడ ఆపాలో వేళ్లకు తెలియాలి. నా వేళ్లకు తెలుసు. నా చేతిలో తెగిన పురుగులు చాలా తక్కువ. అందుకే హఫీజ్‌పేట నుంచి, లింగంపల్లి నుంచి కూడా కుంటుకుంటూ వచ్చేవాళ్లు. "రాజయ్య హస్తవాసి మంచిది" అనేవాళ్లు.

చన్నీళ్లు తగిలితే పురుగు సడలి తేలిగ్గా బయటికి వస్తుంది. అందుకని మా నాన్న మనిషిని ఊరి దిగుడుబావి మెట్ల మీద, కాలు నీళ్లలో మునిగేలా కూర్చోబెట్టి పుల్ల తిప్పేవాడు. నేనూ అలాగే చేశాను. ఊరంతా తాగేది ఆ బావి నీళ్లే.

మా వైపు ఇంకో నమ్మకం ఉంది. నారి తీసేవాడికే నారి పడితే అతని హస్తవాసి పోయినట్టే. ఆ తర్వాత ఎవరూ అతని దగ్గరికి పోరు. లింగంపల్లి వైపు ఒకతనికి అలాగే జరిగింది. బొబ్బ కనిపించిన రోజు నాకు నొప్పి కన్నా ముందు అతను గుర్తొచ్చాడు.

కాలికి గుడ్డ చుట్టి ముల్లు దిగిందని చెప్పాను. మా ఇంటిది బాలమ్మకు మాత్రం నిజం చెప్పాను. బొబ్బ పగిలి పురుగు తల కనిపించిన నాటి నుంచి, తెల్లవారకముందే ఒక్కణ్ణే బావికి పోయి, మెట్టు మీద కూర్చుని, కాలు నీళ్లలో పెట్టి నా పురుగును నేనే తిప్పుకునేవాణ్ణి. మూడు రోజులు సాఫీగా సాగింది. నాలుగో రోజు పైమెట్ల మీద బిందె చప్పుడైంది. ఎవరో దిగుతున్నారు. ఇంకొకరి కాలు పట్టుకున్నప్పుడు ఎన్నడూ తొందరపడని చెయ్యి, ఆ పొద్దు కంగారుపడింది. కాలు గబుక్కున పైకి లాక్కున్నాను. పుల్ల కిందపడింది. పురుగు తెగి మిగతాది లోపలికి పోయింది.

వచ్చింది ఎవరో చూడలేదు. తల దించుకుని పక్క నుంచి ఎక్కి వచ్చేశాను.

రెండో రోజుకు జ్వరం వచ్చింది. అయిదో రోజుకు కాలు తొడ దాకా వాచి నిగనిగలాడింది. పసుపు, వేపాకు, ఆముదం అన్నీ పట్టించాను. బాలమ్మ కాలు మీద చెయ్యి వేసి చూసి, "ఇగ నీ వైద్యం చాలు. దవాఖానకు పోదాం" అంది.

"ఊళ్లె తెలుస్తది" అన్నాను.

"చచ్చినా తెలుస్తది గదయ్యా."

మా పక్కింటి గొల్ల పెంటయ్య బండి కట్టాడు. అతనికి కూడా ముల్లనే చెప్పాను. ఊళ్లో అడిగితే నాకు పట్నంలో పని దొరికిందని చెప్పమన్నాను. అతను నన్ను కింద నుంచి పైకి చూసి, "గిట్ల మోసుకొచ్చి పనిలో పెట్టుకుంటరా నిన్ను?" అన్నాడు. కానీ చెప్పమన్నట్టే చెప్పాడు.

పట్నంలోని పెద్ద దవాఖానలో నన్ను సర్జికల్ వార్డులో వేశారు. బ్లడ్ టెస్టు అన్నారు, ఎక్స్‌రే అన్నారు. పెద్ద సర్జన్ పొద్దున రౌండ్సుకు వచ్చి, వెంట ఉన్నవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడి వెళ్లిపోయేవారు. ఆయన మాటల్లో నాకు చిక్కినవి మూడే: గినీ వర్మ్ (అంటే మన నారిపురుగే), సెప్టిక్, ఆంప్యుటేషన్. మూడోదానికి అర్థం ఏమిటని వెనక ఉండిపోయిన చిన్న డాక్టరును అడిగాను. ఆయన బెజవాడ వైపు మనిషి, వయసు ముప్పై కూడా ఉండదు.

"కాలు తీసెయ్యడం. ఇప్పుడే కాదులే. చీము మోకాలి జాయింట్‌లోకి దిగితే అప్పుడు ఆలోచించాలి. ముందు పెన్సిలిన్ ఇస్తాం" అన్నారు.

ఆయనే ఎక్స్‌రే ఫిలిమును కిటికీ వైపు ఎత్తి చూపించారు. మోకాలి పక్కన తెల్లటి గీత ఒకటి మెలికలు తిరిగి ఉంది.

"ఇది తెగిందా సార్?"

"కాదయ్యా. ఇది ఎప్పుడో పాతది. లోపలే చచ్చి సున్నంలా గట్టిపడిపోయింది. నీకు నారి పట్టడం ఇది మొదటిసారి కాదు."

ఇరవై ఏళ్లుగా నాకు పురుగు పట్టదని గర్వపడుతున్నాను. అది నా ఒంట్లోనే ఉంది.

ఆ రోజే ఆపరేషన్ చేసి చీము తీశారు. మూడు గంటలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. సిస్టర్ సూదితో వస్తే ఏ వైపు తిరగాలో నిద్రలో కూడా ఒంటికి అలవాటైంది. పది రోజులకు టెంపరేచర్ దిగింది. ఇక ఇంటికే అనుకున్నాను. పన్నెండో రోజు మళ్లీ చలిజ్వరం. మోకాలి వెనక ఇంకో యాబ్సెస్ తయారైంది. రెండో ఆపరేషన్ చేశారు. కాలిని స్ప్లింట్‌లో కట్టారు. రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు గుడ్డ పుండులోంచి లాగుతుంటే మంచం ఇనుప కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి.

నొప్పిని ఓర్చుకోగలిగాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా చూడవచ్చే వేళను ఓర్చుకోవడమే కష్టమైంది. వార్డులో నలభై మంచాలు. ఆ రెండు గంటలూ ప్రతి మంచం చుట్టూ మనుషులు, సద్దిగిన్నెలు, కబుర్లు. నా మంచం దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. బాలమ్మ ఇంటి దగ్గర గొడ్డూ గోదా చూసుకుని పది రోజులకోసారి మాత్రమే రాగలిగింది. ఊరివాళ్లకు నేను పట్నంలో గడ్డాలు గీస్తున్నట్టు లెక్క. పనిలో ఉన్నవాణ్ణి చూడటానికి ఎవరు వస్తారు? ఆ ఒంటరితనం నేను చేసుకున్నదే. గోడ వైపు తిరిగి పడుకుని ఆరు ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేవాణ్ణి.

ఆ వేళల్లో చిన్న డాక్టరు ఒక్కోసారి వచ్చి మంచం అంచున కూర్చునేవారు. నేను చదువుతానని తెలిసి పాత పేపర్లు తెచ్చిచ్చేవారు. నా పని సంగతి అడిగారు. పుల్ల ఎలా తిప్పుతానో, వేళ్లకు ఎలా తెలుస్తుందో చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "మా దగ్గర కూడా ఇంతకన్నా మంచి పద్ధతి లేదయ్యా. ఓపిక ఉన్న చెయ్యి కావాలి, అంతే" అన్నారు. నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో బావి మెట్లు, చన్నీళ్లు కూడా చెప్పాను.

ఆయన మొహం మారింది. మర్నాడు నా పక్క మంచం మీద నారికురుపుతో ఉన్న రైతు కాలిని ఒక గిన్నె నీళ్లలో పెట్టించారు. కురుపు దగ్గర నీళ్లు కాస్త తెల్లబడ్డాయి. అందులోంచి ఒక చుక్క తీసి, నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తమ గదికి తీసుకుపోయి మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. చుక్క నిండా సన్నటి తోకలు కొట్టుకుంటున్నాయి.

"అవన్నీ పిల్లలు. చన్నీళ్లు తగలగానే పురుగు వీటిని వదులుతుంది. అందుకే సడలి తేలిగ్గా వస్తుంది. నీళ్లలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న జీవి వీటిని మింగుతుంది. ఆ నీళ్లు మనం తాగుతాం. ఏడాదికి ఆ పిల్ల పురుగై కాల్లోంచి బయటికి వస్తుంది. ఏడాది పడుతుంది కాబట్టే ఎవరికీ అనుమానం రాదు."

నేను కంటిని అద్దం మీద నుంచి తీయలేదు. ఆయన మొహం చూడలేక.

"ఎంతమందిని కూర్చోబెట్టావు బావిలో?" అని మెల్లగా అడిగారు.

"లెక్క లేదు సార్."

"తెలియక చేశావు. అది తప్పు కాదు. మీ నాన్నకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది కదా. నీళ్లు గుడ్డతో వడకట్టి తాగమని, కురుపు ఉన్న కాలు బావిలో పెట్టొద్దని ఊళ్లో చెప్పు. నేను మీ ఊరొచ్చి చెబితే ఒక్కరు వినరు. సర్కారు మనిషి ఏదో వాగాడంటారు. నీ చేతి మీద వాళ్లకు నమ్మకం ఉంది. ఆ అవకాశం నాకు లేదు, నీకుంది. పోగానే చెప్పు."

"చెప్తా సార్" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఇంటికి పంపారు. మోకాలు సగమే వంగుతుంది. కానీ కాలు ఉంది. బండిలో వస్తూ బొంబాయి సడక్ మీద చెట్ల నీడలు కాలి మీద పడి పోతుంటే చూసుకున్నాను. చేతిలో పని ఉంది, కాలు మిగిలింది, ఎవరికీ తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఇంత భాగ్యం ఎవరికి దక్కుతుంది అనుకున్నాను.

మూడో రోజు పెంటయ్య కుంటుకుంటూ వచ్చాడు. మడమ పక్కన బొబ్బ పగిలి పురుగు తల కనిపిస్తోంది.

"రెండు నెలలు నువ్వు లేక ఊరంత పరేషాన్ అయింది రాజన్నా. ఇద్దరికి అవతలి ఊరోడు తీస్తే పుటుక్కున తెంపిండు. నీ చెయ్యి పడ్డదంటే మాకు ఫికరే లేదు" అన్నాడు.

రెండు నెలలు మంచం దగ్గరికి ఎవరూ రాని మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో రాయలేను. చెప్పాలనే నోరు తెరిచాను. చెబితే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే కనిపించింది. ఇన్నేళ్లు మాకు పురుగు పంచింది నువ్వేనా అంటారు. నీకెలా తెలిసింది అంటారు. దవాఖాన సంగతి బయటపడుతుంది. నాకు నారి పడ్డ సంగతి బయటపడుతుంది. రేపు చెబుదాంలే, ముందు ఇతని పని చూద్దాం అనుకున్నాను. ఎప్పటిలాగే బావికి తీసుకుపోయి మూడో మెట్టు మీద కూర్చోబెట్టాను.

పుల్ల తిప్పుతుండగా యాదమ్మ బిందెతో దిగింది. మా ఎదురింటి మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నాటు వేయడంలో ఆమెను మించినవాళ్లు ఆ నాలుగూళ్లలో లేరు. వంగిందంటే మడి అవతలి గట్టు చేరేదాకా నడుము ఎత్తదు. ఆమె వేసిన వరస తాడు కట్టి వేసినట్టుంటుంది. వానలు పడగానే మియాపూరు నుంచి మనిషిని పంపి మరీ పిలిపించుకునేవాళ్లు. నేను లేని రెండు నెలలూ బాలమ్మకు నీళ్లు మోసిపెట్టింది కూడా ఆమే.

"పట్నపోడు వచ్చిండే" అంది నవ్వుతూ. "అక్కడి దొరల గడ్డాలు గీకి గీకి మోకాలు వంగుత లేదా మామా?"

"జర జరుగు యాదమ్మా, నీళ్లు చిందుతున్నయ్" అన్నాడు పెంటయ్య.

ఆమె మాకు రెండు బారల దూరంలో బిందె ముంచింది. పెంటయ్య కురుపు దగ్గర నీళ్లు కాస్త తెల్లగా అయ్యాయి. నాకు కనిపించింది. అంతకుముందు ఇరవై ఏళ్లూ అది కనిపించినా కంటికి ఆనలేదు. ఆ రోజు కనిపించింది. ఆమె దోసిలితో నాలుగు గుక్కలు తాగి, మొహం కడుక్కుని, బిందె నడుముకెత్తుకుని మెట్లెక్కిపోయింది. నేను పుల్ల తిప్పుతూ కూర్చున్నాను.

రేపు చెబుదామన్నది ఆ ఎండాకాలమంతా రేపుగానే ఉండిపోయింది. వచ్చినవాళ్లందరినీ బావికే తీసుకుపోయాను. ఇంకో సంగతి ఉంది. అది రాయడానికి నాలుగు కాగితాలు చించాను. మా ఇంట్లో మాత్రం ఆ ఉగాది నుంచే నీళ్లు వడకట్టించాను. బాలమ్మ ఎందుకని అడిగితే, "నలకలు వస్తున్నయ్" అన్నాను. కట్టుకున్నదానికి కూడా అసలు సంగతి చెప్పలేదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందు యాదమ్మ మా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. కుడి కాలి మడమ వెనక బొబ్బ పగిలి ఉంది. నేను మనసులో నెలలు లెక్కపెట్టాను. ఏడాది దాటి కొన్ని వారాలు. అది ఆ రోజు నీళ్లదే అని ఏ డాక్టరూ రుజువు చేయలేడు. నాకు రుజువు అక్కర్లేదు.

"పది రోజులల్ల నాట్లు మొదలైతయ్ మామా. అప్పటికి తీసెయ్యాలె. పదా బావికి పోదాం" అంది.

"బావి వద్దు. ఇక్కడే కూసో. చెంబుతో పోస్త."

"ఎందుకు? నిరుడు పెంటయ్యకు బావిల్నే తీస్తివి గద?"

ఆమె ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నా కాలి సంగతి, దవాఖాన, మైక్రోస్కోప్‌లో కొట్టుకున్న తోకలు, డాక్టరు చెప్పమన్న మాట.

"నిరుడు నేను బిందె ముంచిన పొద్దు, నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

ఆమె తన పాదం వైపు చూసుకుంది. "మీ ఇంట్ల నీళ్లు వడకడ్తున్నరని బాలమ్మత్త చెప్పింది. నలకలకని చెప్పింది. నేను గూడ వడకట్టుకుందును గద మామా. గుడ్డపేలికకు ఏం కరువొచ్చింది మా ఇంట్ల?"

గొంతు పెంచలేదు. తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. బాలమ్మ గడపలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

యాదమ్మ అవతలి ఊరి మనిషి దగ్గరికి పోయింది. అతని చేతిలో పురుగు తెగింది. మడమ వాచింది. దవాఖానకు బండి కట్టిస్తానని రెండుసార్లు ఆమె గడపకు పోయాను. తలుపు తీయలేదు. మూడోసారి పెంటయ్యను బతిమాలి పంపాను. ఒప్పుకునేసరికి సడక్ మీద బండి పోయే పరిస్థితి లేదు. ఆ ఏడు దాడులతో, ఫౌజులతో మా వైపు ఎలా గడిచిందో అందరికీ తెలుసు. గొడవలు అణిగి, దారులు తెరుచుకుని, దవాఖాన చేరేసరికి పుండు మానింది కానీ మడమ నరం బిగుసుకుపోయింది. "ఇక పూర్తిగా సరికాదు" అన్నారు అక్కడి డాక్టరు. నా చిన్న డాక్టరు అప్పటికి బదిలీ అయి వెళ్లిపోయారు. ఆయన నన్ను అడిగే అవకాశం లేకపోయినందుకు ఊరట పడ్డాను. అది కూడా ఒప్పుకోవాలి.

యాదమ్మ మడమ ఇప్పుడు నేలకు ఆనదు. మునివేళ్ల మీద నడుస్తుంది. బురదలో నిలదొక్కుకోలేదు. ఆమె నాటు వేయదు.

ఆమె మా వాకిట్లోంచి లేచి వెళ్లిపోయిన మర్నాడే చావడి దగ్గర అందరి ముందూ అంతా చెప్పాను. కొందరు నవ్వారు. "చన్నీళ్లల్ల పెడ్తేనే గద పురుగొచ్చేది, నీకు దవాఖానల మెదడు గూడ కోసిన్రా?" అన్నాడొకడు. ఇంకొకతను నవ్వలేదు. తన కాలి మీది మచ్చలు మూడూ వరసగా చూపించి, "ఇవి నువ్విచ్చినవే అన్నట్టు" అన్నాడు. అవునన్నాను. పెంటయ్య లేచి వెళ్లిపోయాడు. నమ్మనివాళ్లకు నా తెలివి మీద నమ్మకం పోయింది, నమ్మినవాళ్లకు నా మీద నమ్మకం పోయింది. రెండు విధాలా మా వాకిలి ఖాళీ అయింది. ఏడాది ముందు చెప్పి ఉంటే నన్ను తిట్టుకుంటూనైనా నీళ్లు వడకట్టుకునేవాళ్లు. ఆలస్యంగా చెప్పిన మాట అదే మాట కాదు.

ఇప్పుడు నా మోకాలు సగం వంగుతుంది. పీట మీద కూర్చుని గడ్డాలు గీస్తాను. వచ్చేవాళ్లు తక్కువ. చాలామంది మియాపూరు పోతున్నారు. పురుగు తీయమని ఎవరూ రారు. బాలమ్మ అన్నం పెడుతుంది, పనులు చేస్తుంది, అవసరమైనంతే మాట్లాడుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వాకిట్లో కూర్చుంటే ఒక్కోసారి వార్డులో ఉన్నట్టే ఉంటుంది.

చేతిలో పని ఉండటం అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ అదృష్టమంతా నాదేనని అనుకున్నాను, దాన్ని దాచుకున్నాను. దాన్ని నమ్మి కాలు చాచినవాళ్లకూ అందులో వాటా ఉందని ఆలోచించలేదు.

దిగుడుబావి మెట్లకు పోయిన చలికాలం ముళ్లకంప అడ్డం పెట్టాం. పంతులు గారూ పెద్దలూ కలిసి పైన రాతి పిట్టగోడ కట్టించి గిరక పెట్టించారు. ఇప్పుడు ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. పొద్దున్నే పోయి చేదతో నీళ్లు తోడేవాణ్ణి నేను. నా చేత్తో తోడిన నీళ్లు మొదట్లో కొందరు తీసుకోలేదు. వాళ్ల తాడు వాళ్లే లాక్కునేవాళ్లు. తోడిన నీళ్లను గుడ్డలోంచి బిందెల్లోకి పోయాలి. ఒక్కణ్ణే తోడుతూ వడకడుతూ అవస్థ పడుతుంటే, ఒకరోజు యాదమ్మ వచ్చి బిందె మూతికి గుడ్డ పట్టుకుని నిలబడింది. నేను పిలవలేదు. మర్నాడూ వచ్చింది. ఇప్పుడు రోజూ వస్తుంది. నేను తోడతాను, ఆమె గుడ్డ పడుతుంది. నాతో మాట్లాడదు. నన్ను క్షమించిందని ఎవరూ అనుకోవద్దు. నేను అనుకోవడం లేదు.

ఇన్ని నెలల్లో ఒకే ఒక్కసారి మాట్లాడింది. ఒక పొద్దున నేను గుడ్డ ఉతికి ఆరేసి తెచ్చి బిందెకు కడుతుంటే నా చేతిలోంచి లాక్కుంది.

"అటు గాదు. నిన్న పైనున్న దిక్కు ఇయ్యాల లోపలికి కడ్తే, దాన్ని పట్టుకున్నయన్ని నీళ్లల్లకే గద పోయేది?"

డాక్టరు చెప్పని సంగతి అది. నాకు తట్టలేదు. మర్నాడు ఆమె ఆ గుడ్డ పై వైపున ఒక మూలకు ఎర్రదారంతో అడ్డంగా రెండు కుట్లు వేసుకొచ్చింది.

కాబట్టి చదివేవారికి నేను చెప్పేది ఇంతే. నారికురుపు ఉన్న ఊళ్లో నీళ్లను దగ్గరి నేత గుడ్డతో, రెండు మడతలు వేసి వడకట్టండి. ఆ గుడ్డకు పై వైపు ఏదో తెలిసేలా ఒక మూలకు రంగుదారంతో కుట్టు వేయండి. కుట్టు ఎప్పుడూ పైకే ఉండాలి. పత్రిక వారికి ఒక మనవి. ఈ కుట్టు ఆలోచన మా ఊరి యాదమ్మది, నాది కాదు. అచ్చు వేసేటప్పుడు ఆమె పేరుతోనే వేయండి.